లిఫ్ట్ అడిగిందెవరు?

"తెలియనిది కనిపిస్తే తీసి పారెయ్యండి." ఉప్పునీళ్ళ అక్వేరియం కొత్తగా పెట్టుకున్నవాళ్ళకి ముందుగా అందే సలహా ఇదే. మా ఆయనకీ అందింది. ఆయన ఆఫీసులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ముగ్గురున్నారు. మిగతా ఏ విషయంలోనూ కలవని ఆ ముగ్గురూ ఈ ఒక్కదాంట్లో మాత్రం ఏకమయ్యారు. పురుగు కనిపిస్తే తీసెయ్, పీత కనిపిస్తే తీసెయ్, ఏమిటో తెలియకపోతే ముందు చంపెయ్, తర్వాత ఆలోచిద్దాం. ఏడు వారాలుగా నేను ఇంట్లో ఈ సలహాతోనే పోట్లాడుతున్నాను. ఇంట్లో గెలిచాను కాబట్టి ఇప్పుడు మీ ముందుకొచ్చాను.

చేపల తొట్టి గోల మాకెందుకమ్మా అనుకుంటున్నారా? తొట్టి ఎవరు కొన్నా దాన్ని సాకేది ఎవరో మీకు తెలియనిది కాదు. మా ఇంట్లో కుక్కపిల్ల విషయంలో అదే జరిగింది, పెరట్లో కూరగాయల మడుల విషయంలోనూ అదే. కొన్నది ఆయన. రోజూ ఆవిరైపోయిన నీళ్ళకి బదులు ఫిల్టరు నీళ్ళు పోసేది, అద్దం తుడిచేది, ఉప్పు ఎంతుందో చూసేది నేను. కాబట్టి ఆ తొట్టిలో ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్నదాంట్లో నాకూ ఒక ఓటుంది.

మేముండేది డాలస్ దగ్గర. సముద్రం చూడాలంటే నాలుగైదు గంటలు కారులో పోవాలి. అందుకని మా ఆయన సముద్రాన్నే ఇంటికి తెప్పించారు. ఫ్లోరిడా నుంచి నలభై పౌన్ల రాయి, విమానంలో, తడి అట్టపెట్టెలో. దీన్ని లైవ్ రాక్ అంటారు. సముద్రంలో ఉన్న సహజమైన రాతిని పెకలించి అమ్మడం ఫ్లోరిడాలో 1990లలోనే ఆపించేశారు. ఇప్పుడు కొందరు సముద్రం అడుగున కొంత జాగా లీజుకి తీసుకుని, గనిలో తవ్విన సున్నపురాయిని అక్కడ పరిచి, ఏళ్ళ తరబడి వదిలేసి, దానిమీద ప్రాణం పట్టాక పైకి తీసి అమ్ముతారు. మామూలు ఎండు రాయి దీంట్లో చిన్న వంతు ఖరీదుకే దొరుకుతుంది. మరి ఇన్ని డబ్బులు దేనికి పోశాం? రాయికి కాదు, దానికి పట్టిన ప్రాణానికి.

ఆ ప్రాణం ఎందుకు కావాలో మనకి చెప్పడం చాలా సులువు. పెరుగుకి తోడు ఎందుకో ఇదీ అందుకే. కొత్త తొట్టిలో చేపని వేస్తే దాని వ్యర్థం అమోనియాగా మారి ఆ చేపనే చంపుతుంది. రాతి రంధ్రాల్లో కాపురముండే బాక్టీరియా ఆ అమోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఆ సంసారం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లైవ్ రాక్ అంటే తొట్టికి వేసే తోడన్నమాట. తోడు వేస్తాను కానీ అందులో సూక్ష్మజీవులు మాత్రం వద్దు అనే మనిషిని మీరు ఎక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయనతో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాను.

రాయి వచ్చిన రాత్రి హాల్లో దీపాలార్పి, టార్చికి మా అమ్మాయి ఎర్ర గాజుకాగితం చుట్టింది. ఎర్ర వెలుగు వాటికి సరిగా కనపడదట, బెదరవు. ఇద్దరం నేల మీద కూచుని చూశాం. పగలు బోసిగా ఉన్న రాయి రాత్రి తీర్థం జరుగుతున్నట్టుంది. ఒక కన్నంలోంచి సన్నటి చేతులు పాముల్లా బయటికొచ్చి నీళ్ళని తడుముతున్నాయి. అది బ్రిటిల్ స్టార్, నక్షత్రం చేపకి చుట్టం. ఇంకోచోట సేమ్యా పోగుల్లాంటి తీగలు నేలంతా పాకి, దొరికిన నలుసునల్లా లోపలికి లాక్కుంటున్నాయి. ఆ తీగలన్నీ కలిసి ఒక్క పురుగువి. విసనకర్ర విప్పినట్టు విప్పి, నీడ పడగానే టక్కున మూసేసుకునే గొట్టపు పురుగులు. అద్దం మీద ఆవగింజల్లా గెంతుతున్న ప్రాణులు వందలు. ఎర్రగా, జానెడు పొడుగున, పక్కలంతా తెల్లటి ముళ్ళ కుచ్చులతో ఒక పురుగు వీధి ఊడ్చేవాడిలా తాపీగా పోతోంది. మా అమ్మాయి "అమ్మా, ఇది మనం కొన్నామా?" అని అడిగింది. ఈ పోస్టంతా ఆ ప్రశ్నకి జవాబే అనుకోండి.

తెల్లారేసరికి మా ఆయన ఫోన్లో జాబితా తయారుగా ఉంది. ఇలా రాయితో వచ్చిన ప్రాణులకి ఈ లోకంలో ఒక పేరుంది: హిచ్‌హైకర్లు. రోడ్డు పక్కన నిలబడి బొటనవేలు చూపించి లిఫ్ట్ అడిగేవాళ్ళన్నమాట. ఆ మాట వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏమండీ, లిఫ్ట్ అడిగిందెవరు? వాళ్ళిల్లు వాళ్ళకుంది. గుమ్మంలో పీత, దొడ్లో పురుగు, హాయిగా బతుకుతున్న ఇంటిని ఇంటితో సహా పెకలించి, పెట్టెలో పెట్టి, విమానం ఎక్కించి, డాలస్‌లో దింపి, "పిలవకుండా వచ్చారు" అంటున్నాం. ఎత్తుకొచ్చినవాణ్ణి చొరబడ్డాడని తిట్టడమంటే ఇదే. పందొమ్మిదేళ్ళ క్రితం మా ఆయన వీసాకి అనుబంధంగా నేనీ దేశం వచ్చినప్పుడు నా కాగితాల మీద "డిపెండెంట్" అని రాశారు. పేరు పెట్టేవాడి చేతిలో ఎంత బలముంటుందో నాకు అప్పుడే తెలిసింది. సరే, అది ఇంకో పోస్టు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో రోజు సాయంత్రం నేను కూరలు తెచ్చుకుని ఇంటికొచ్చేసరికి స్టవ్ మీద నా సాంబారు గిన్నె. పెద్దది, మా అమ్మ పంపింది, ఇరవైమందికి చెయ్యగలిగేది. నిండా నీళ్ళు మరుగుతున్నాయి. పక్కన బకెట్లో రాయి. "ఒక్క పది నిమిషాలు ఉడకబెడితే అన్నీ పోతాయట, ఫ్రెష్‌గా మొదలెట్టొచ్చు" అన్నారు మా ఆయన. నేను చేసిన రభస గురించి రాయను. అప్పుడు నాకు సైన్సు తెలిసి కాదు, గిన్నె గురించి అరిచాను. పురుగుల్ని ఉడికించిన గిన్నెలో నేను సాంబారు కాచనని, కావాలంటే ఆయన్నే వేరే కాపురం పెట్టుకోమని అన్నాను. స్టవ్ ఆర్పారు. ఆ అరుపు ఎంత మంచి పని చేసిందో ఆ రాత్రి చదువుతూ కూచుంటే తెలిసింది.

ఈ రాళ్ళ మీద గుండీలు కుట్టినట్టు వరసగా అంటుకుని ఉండే చిన్న చిన్న పువ్వుల్లాంటి ప్రాణులు ఉండొచ్చు. జోయాంథిడ్లు అంటారు. మా రాయి మీద ఒక మూల గోధుమరంగులో ఓ పదిహేను ఉన్నాయి. వీటిల్లో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో దొరికే అతి ఘోరమైన విషాల్లో ఒకటి. రాయిని ఉడికించినా, వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దినా అది ఆవిరితో గాల్లోకి లేస్తుంది. పీల్చినవాళ్ళకి నోట్లో లోహపు రుచి, జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు, ఊపిరాడకపోవడం. దీనికి విరుగుడు మందంటూ లేదు, ఆసుపత్రిలో పెట్టి కనిపెట్టుకుని ఉండడమే. అలాస్కాలో 2012 నుంచి 2014 లోపల అక్వేరియం షాపులోనూ ఇళ్ళల్లోనూ ఈ ప్రాణుల వల్ల ఇలా జబ్బుపడినట్టు అనుమానించిన వాళ్ళ గురించి ఇక్కడి ఆరోగ్యశాఖ సిడిసి 2015లో నివేదికే వేసింది. మా వంటింటి కిటికీలు ఆ రోజు మూసున్నాయి. మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్కు చేసుకుంటోంది.

"ఫ్రెష్‌గా మొదలెట్టొచ్చు" అన్న సలహా ఇచ్చిన పెద్దమనిషి మంచివాడే. మా ఇంటికొచ్చి నాలుగుసార్లు భోంచేశాడు. తెలియనిది కనిపిస్తే చంపెయ్ అనే ఆలోచన ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఆయనకి తోచలేదు, అంతే. తెలియనిదాన్ని చంపడానికి కూడా అదేమిటో తెలియాలి కదండీ!

వాళ్ళ వాదన నేను కొట్టిపారెయ్యను. "నువ్వు చదివింది బి.ఏ. తెలుగు, వేల డాలర్ల పగడాలు పోతే తెలుస్తుంది" అన్నారు. నిజమే, నష్టం చేసేవి ఉన్నాయి. పగడాల్ని తినే ఫైర్‌వర్మ్ ఉంది, అది ఫ్లోరిడా నీళ్ళలోనే ఉంటుంది. గోళ్ళు నల్లగా ఉండి, ఒంటినిండా నూగున్న పీతల్ని అంత తేలిగ్గా నమ్మకూడదు. కానీ కొత్త తొట్టిలో పోవడానికి ఏముంది చెప్పండి? పగడాల్లేవు, చేపల్లేవు. ఉన్నది రాయి, ఉప్పునీళ్ళు, వచ్చిన చుట్టాలు. ఎవరేమిటో కూచుని చూడడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. ఆరు వారాలు ఎలాగూ ఆగాలి. ఆ ఆరు వారాలూ చంపడంలో గడపమంటారు వీళ్ళు, నేను చూడడంలో గడపమంటాను. అంత ఓపిక లేనివాళ్ళకి ఎండు రాయి చవగ్గా దొరుకుతుంది, కొనుక్కోమనండి.

ఆ ముళ్ళ పురుగునే తీసుకోండి, బ్రిసిల్ వర్మ్. మా ఆయన జాబితాలో మొదటి ముద్దాయి. రాయి జరుపుతూ ఒట్టి చెయ్యి పెట్టినందుకు నా చూపుడువేలికి కూడా గుచ్చింది. గొంగళిపురుగు పాకినట్టు రెండురోజులు మంట. సెలోటేపు అతికించి లాగితే ముళ్ళు వచ్చేశాయి, కాస్త వెనిగర్ రాశాను. నేరం అంతే. మరి అది చేసే పని? చచ్చినది, కుళ్ళినది, చేప వదిలేసిన తిండి, రాతి సందుల్లో మన చెయ్యి దూరని చోటల్లా దూరి తినేస్తుంది. అది తినకపోతే ఆ కుళ్ళంతా మళ్ళీ అమోనియానే. తొట్టిలో పురుగులు విపరీతంగా పెరిగాయంటే తప్పు పురుగుది కాదు, తిండి ఎక్కువ పోస్తున్నవాళ్ళది. మా ఆయన చిటికెడు అంటే గుప్పెడు. ఆ మాట అన్నాను కూడా.

ఇంకో చిత్రం చూడండి. అద్దం మీద ఆవగింజల్లా గెంతుతున్నవని చెప్పానే, వాటిల్లో కోపీపాడ్లు, ఆంఫిపాడ్లు ఉంటాయి. "యాక్, పురుగులు" అని వాటి మీదా కేసు పెట్టారు. తీరా అక్వేరియం షాపుకి వెళ్తే అక్కడ ఫ్రిజ్‌లో సీసాలు. ఏమిటని చూస్తే అవే కోపీపాడ్లు! చేపలకి శ్రేష్ఠమైన ఆహారమట, సీసా పాతిక డాలర్ల పైనే. నత్తలూ చిన్న పీతలూ కలిపి "శుభ్రం చేసే బృందం" అని ప్యాకేజీగా కూడా అమ్ముతున్నారు. అంటే బిల్లు వేసి ఇస్తే బృందం, ఊరికే వస్తే పురుగులు. ఈ లెక్క మన ఆడవాళ్ళకి కొత్త కాదు. హోటల్లో వండితే వంట, ఇంట్లో వండితే "రోజంతా ఏం చేస్తున్నావ్".

నేను అన్నిటినీ నెత్తిన పెట్టుకుంటానని కాదు. రెండిటి విషయంలో కఠినంగానే ఉన్నాను.

మొదటిది ఐప్టేసియా. చూడ్డానికి చిన్న తాటిచెట్టులా, గాజులా ముద్దుగా ఉండే పువ్వుజీవి. కుడుతుంది, పాకుతుంది, పక్కన ఎవర్నీ బతకనివ్వదు. మా ఆయన ఆవేశంగా స్క్రూడ్రైవరుతో గీకేశారు. అది అచ్చం రక్తబీజుడు. తెగిపడ్డ ప్రతి తునకా మళ్ళీ మొలుస్తుంది. ఒకటి పోయి పదకొండయ్యాయి. ముందు అదేమిటో కనుక్కుని ఉంటే పెప్పర్‌మింట్ రొయ్యలని కొన్ని రొయ్యలు వాటిని తింటాయని తెలిసేది. ఇప్పుడు మూడు రొయ్యలు తెచ్చి వేశాం, పని నడుస్తోంది. చంపాల్సినదాన్ని చంపడానికి కూడా తొందర పనికిరాదని ఆ పదకొండూ రోజూ గుర్తు చేస్తున్నాయి.

రెండోది రాత్రిపూట చప్పుడు. టక్. మళ్ళీ కాసేపటికి టక్ టక్. నేను మొదట బల్లి పలికిందనుకుని అలవాటు కొద్దీ నేల మీద చిటికె వేసి "కృష్ణ కృష్ణ" అన్నాను. మా ఆయన పంపు పాడైందని విప్పి బిగించారు. నాలుగో రాత్రి కన్నంలోంచి కాడల మీద రెండు కళ్ళు, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతూ మమ్మల్ని చూశాయి. మాంటిస్ ష్రింప్. గొల్లభామలా ముందు చేతులు మడుచుకుని కూచుంటుంది. ఆ చెయ్యి విసిరే వేగం మన కంటికి అందదు, ఒక్క గుద్దుకి నత్త గుల్ల పగులుతుంది. అది ఉన్న తొట్టిలో చిన్న చేపకి భరోసా లేదు. మరి చంపాలా? రాయిని బయటికి తీసి ఆ కన్నంలోకి సిరంజీతో సోడా కొడితే ఉక్కిరిబిక్కిరై బయటికొచ్చేస్తుందని చదివాను. అలాగే వచ్చింది, బొటనవేలంత ఉంది. ఆకుపచ్చగా ఎంత అందంగా ఉందో! ఐదు గాలన్ల చిన్న తొట్టిలో వేరే పెట్టాం. మా అమ్మాయి దానికి "సూర్యకాంతం" అని పేరు పెట్టింది. సినిమాలు నేనే చూపించాను, తప్పు నాదే.

వీడియో కాల్‌లో ఇదంతా చూసి మా అత్తయ్య గారు "పాపం, ప్రాణి కదమ్మాయ్, తీసుకెళ్ళి సముద్రంలో వదిలెయ్యండి, పుణ్యం" అన్నారు. ఇక్కడ నేను అత్తగారితో కూడా పేచీ పెట్టుకున్నాను. ఇంటి తొట్టిలో పెరిగినదాన్ని సముద్రంలో గానీ చెరువులో గానీ ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. లయన్‌ఫిష్ అని మన హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేప ఒకటి ఉంది, ముళ్ళనిండా విషం. 1985లో ఫ్లోరిడా దగ్గర కనిపించింది. అక్వేరియంవాళ్ళు వదిలేసినవే అయుంటాయని నిపుణుల మాట. ఇప్పుడు కరీబియన్ అంతా నిండిపోయి అక్కడి చేపపిల్లల్ని మింగుతోంది. ఎవరో పుణ్యం అనుకుని చేసిందే కావచ్చు. అత్తయ్య గారు "అయితే మీ ఇంట్లోనే ఉంచండి" అని ఫోన్ మామయ్య గారికిచ్చేశారు.

విశాఖలో ఉన్న మా చెల్లెలు ఈ ఫొటోలు చూసి తనూ పెట్టిస్తానంటోంది. దానికి చెప్పినదే మీకూ చెప్తున్నాను. మన దేశంలో రాతి పగడాలకి 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో రక్షణ ఉంది. పులి ఉన్న షెడ్యూల్ అది. ఎవరో చాటుగా తెచ్చి అమ్మిన పగడపు రాయిని హాల్లో పెట్టుకోవద్దు. ఎండు రాయి కొనుక్కుని, బాక్టీరియా సీసా తెచ్చుకుని తోడు పెట్టుకోండి. చుట్టాలు తక్కువొస్తారు, ఆరు వారాల తర్వాత చేపలు మామూలుగానే బతుకుతాయి.

మా తొట్టిలో ఐదో వారం దాటాక రెండు క్లౌన్‌ఫిష్‌లు వేశాం. అమోనియా సున్నా. వంటింటి కేలండర్ వెనకాల నేను రాసుకుంటున్న జాబితా ఇరవై మూడు రకాలకి వచ్చింది. నాలుగింటి పేర్లు ఇంకా తెలియవు, వాటి ఎదురుగా బొమ్మలు గీసి పెట్టాను. గుండీల్లాంటి ఆ జోయాంథిడ్లు అలాగే ఉన్నాయి. ఆ రాయి జోలికి వెళ్ళాల్సి వస్తే చేతికి గ్లౌజు, కళ్ళకి అద్దాలు. దాని మీద బ్రష్షు పెట్టరాదని ఇంట్లో శాసనం.

నిన్న రాత్రి భోజనాలయ్యాక మా ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు. కొత్తగా తొట్టి పెట్టిన ఇంకో ఆఫీసు కుర్రాడట. "ఉడకబెట్టకు, ఉడకబెట్టకు, చచ్చిపోతావ్. ముందు ఫొటో తీసి పంపు, మా ఇంట్లో చూసి చెప్తారు" అంటున్నారు. నేను సింకు దగ్గర సాంబారు గిన్నె తోముతున్నాను. ఫోన్ పెట్టేసి వచ్చి, ఫొటో పెద్దది చేసి నా ముందు పెట్టారు. "ఇది ఏమిటంటావ్?" అని అడిగారు. చెయ్యి తుడుచుకుని చూశాను. బ్రిటిల్ స్టార్. ఉంచుకోమనండి అన్నాను.